వినిపించని చప్పుడు, కరిగిన గాలి

హైదరాబాద్ చుట్టుపక్కల ఏ మందుల కంపెనీలోనైనా క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోకి వెళితే ఒక మూల చిన్న స్టీలు తొట్టె బుసకొడుతూ కనిపిస్తుంది. అందులో కొన్ని నీళ్లు, ఆ నీళ్లలో సగం మునిగిన గాజు సీసా. సీసాలో ఉన్నది, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి పెట్టాల్సిన ద్రావకం, వాళ్ల మాటల్లో మొబైల్ ఫేజ్. దాన్ని పది పదిహేను నిమిషాలు సోనికేట్ చేశాకే, అంటే అల్ట్రాసౌండ్ తగలనిచ్చాకే, యంత్రానికి పెట్టాలని ల్యాబ్ పని నియమావళి ఎస్‌ఓపీలో రాసి ఉంటుంది. ఎందుకని కొత్తగా చేరిన కెమిస్టు అడిగితే సీనియర్ల దగ్గర ఒకటే జవాబు: గాలి పోవాలి.

ఇదే అల్ట్రాసౌండ్‌తో ద్రవాల్లోకి వాయువును మరింత వేగంగా కరిగించవచ్చని చెప్పే పరిశోధన పత్రాలూ ఉన్నాయి, అమ్మకపు కరపత్రాలూ ఉన్నాయి. చెరువు నీటికి ఆక్సిజన్ పట్టించడం, మురుగునీటిలోకి ఓజోన్ పంపడం, పొగగొట్టం గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్‌ను ద్రావణంలోకి లాగడం అన్నీ ఆ జాబితాలో చేరతాయి. ఒకే చప్పుడు ఇక్కడ గాలిని వెళ్లగొడుతుంది, అక్కడ లోపలికి పంపుతుంది అంటే ఎవరికైనా అనుమానం రావాలి. రెండింటిలోనూ నిజం ఉంది, కాకపోతే రెండూ ఒకే పాటి నిజాలు కావు. నా లెక్కలో వెళ్లగొట్టడం అల్ట్రాసౌండ్‌కు సహజంగా వచ్చిన పని. కరిగించడం దానిచేత బలవంతాన చేయించే పని, ఆ బలవంతానికి కరెంటు బిల్లు కట్టాలి.

మాంచెస్టర్ రసాయనవేత్త విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రంతో మొదలుపెట్టాలి. ద్రవం పైన ఒక వాయువు ఎంత పీడనంతో ఉంటే, ఆ పీడనానికి అనుపాతంలోనే అది ద్రవంలో కరుగుతుంది. గాలి తగులుతున్న మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు దిగుతుంది. ఉప్పు కలిస్తే ఇంకా తగ్గుతుంది. పీడనం, ఉష్ణోగ్రత, ద్రవం స్వభావం, ఇంతే. ఈ లెక్కలో ధ్వనికి చోటు లేదు. 40 కిలోహెర్ట్జ్ తొట్టెలో ద్రవం సెకనుకు 40 వేల సార్లు నొక్కుకుంటుంది, అన్నిసార్లే సాగుతుంది. నొక్కినంత లాగితే సగటున మిగిలేది ఏమీ లేదు. బుడగలు లేని ద్రవంలో నిజంగానే ఏమీ మిగలదు.

అల్ట్రాసౌండ్ అనగానే అంతా ఒకటి కాదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం అతిధ్వనులపై పరిశోధనకు పునాది వేశారు. ద్రవంలో ధ్వని వేగం ఎంత, ఆ ద్రవం ఎంత నొక్కుకుంటుంది వంటివి కొలిచే పనికి వాడేవి బలహీనమైన తరంగాలు. అవి ద్రవాన్ని తడిమి చూస్తాయి తప్ప అందులోని వాయువును కదిలించవు. మన చర్చ శక్తిమంతమైన అల్ట్రాసౌండ్ గురించి. ఆ దారి తెరిచినది 1917 ప్రాంతంలో జలాంతర్గాముల జాడ పట్టడానికి పాల్ లాంజెవాన్ తయారుచేసిన క్వార్ట్జ్ పరికరం. ఆ తరంగాల దారిలో పడ్డ చేపలు చచ్చి తేలడం అప్పుడే చూశారు. పదేళ్ల తర్వాత, 1927లో, అమెరికాలో రాబర్ట్ వుడ్, ఆల్ఫ్రెడ్ లూమిస్ ఈ తీవ్రతరంగాలు ద్రవాలకూ జీవకణాలకూ ఏం చేస్తాయో వరసగా పరీక్షించారు.

లెక్క తప్పేది బుడగ దగ్గర. ఎంత వడపోసిన నీటిలోనైనా పాత్ర గోడ గీతల్లో, దుమ్ము రేణువుల పగుళ్లలో కంటికి ఆనని గాలి ఇరుక్కుని ఉంటుంది. ధ్వని లాగే దశలో ఆ కాస్త గాలీ ఉబ్బి బుడగ అవుతుంది, నొక్కే దశలో ముడుచుకుంటుంది. ఉబ్బినప్పుడు లోపలి పీడనం పడిపోయి, చుట్టూ ద్రవంలో కరిగి ఉన్న వాయువు లోపలికి వస్తుంది. ముడుచుకున్నప్పుడు లోపలిది బయటికి పోతుంది. రాకపోకలు సమానమైతే గొడవే లేదు. కానీ ఉబ్బిన బుడగకు ఉపరితలం పెద్దది, వాయువు వచ్చే దారి వెడల్పు. పైగా దాని చుట్టూ ఉన్న ద్రవపు పొర సాగి పలచబడుతుంది కాబట్టి వాయువు దాటాల్సిన దూరమూ తక్కువ. ముడుచుకున్నప్పుడు దారీ ఇరుకే, పొరా మందమే. పెద్ద మానికతో కొని చిన్న మానికతో అమ్మే వ్యాపారిలా బుడగ ప్రతి ఊపులోనూ కొంత మిగుల్చుకుంటుంది. ఒక్క ఊపులో మిగిలేది లెక్కలోకి రానంత తక్కువ. సెకనుకు 40 వేల ఊపులంటే మాత్రం లెక్కలోకి వస్తుంది.

దీన్ని రెక్టిఫైడ్ డిఫ్యూజన్ అంటారు. 1949లో హార్వర్డ్‌లో ఎఫ్. జి. బ్లేక్ ఉపరితలం తేడాను పట్టుకున్నారు. 1960లలో ఎల్లర్, ఫ్లిన్ ద్రవపు పొర మందాన్నీ చేర్చాక లెక్క ప్రయోగాలకు దగ్గరపడింది. దీనికో హద్దు కూడా ఉంది. ధ్వని తీవ్రత కొంత మేరకు పెరిగే వరకు బుడగ పెరగదు. తలతన్యత దాన్ని నొక్కి కరిగించేస్తుంది. ఆ హద్దు దాటాక పెరుగుతుంది, పక్క బుడగలను లాక్కుని కలుపుకుంటుంది, తేలిపోయేంత లావయ్యాక పైకి వచ్చి పగులుతుంది. వాయువు బయటపడేది అప్పుడే.

పౌనఃపున్యం ఎంపికలోని కిటుకు కూడా ఇక్కడే ఉంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వనితో పాటు బలంగా ఊగే బుడగ వ్యాసార్ధం సుమారు 0.16 మిల్లీమీటర్లు. అంత బుడగ క్షణాల్లో పైకి తేలుతుంది. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర అది 3 మైక్రాన్ల పైచిలుకు. అలాంటిది నిలకడ నీటిలో సెకనుకు మిల్లీమీటరులో యాభయ్యో వంతు మాత్రమే ఎక్కగలదు, పైకి చేరేలోపు మళ్లీ కరిగిపోవచ్చు. గాలి తీసే తొట్టెలు 20 నుంచి 40 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేయడంలో ఈ సౌకర్యం ఉంది.

ఇక మొదట్లో వచ్చిన అనుమానం సంగతి. మూత తీసిన పాత్రలో ధ్వని ఒకవైపు వాయువును బయటికి పంపుతుంటే, పై నుంచి గాలి తిరిగి కరుగుతూనే ఉంటుంది. ధ్వని ఆడుతున్నంతసేపు ఈ రెండింటి మధ్య ఒక మట్టం కుదురుతుంది. అది హెన్రీ మట్టం కంటే కిందే. ఇప్పుడు ముందే గాలి తీసేసిన నీటిని అదే పాత్రలో, అదే ధ్వని కింద పెట్టి చూడండి. అందులో వాయువు పెరుగుతుంది, పెరిగి పెరిగి దాదాపు అదే మట్టం దగ్గర ఆగుతుంది. ఒకాయన నిండిన నీటితో మొదలుపెట్టి అల్ట్రాసౌండ్ గాలి తీస్తుందని రాస్తాడు. మరొకాయన ఖాళీ నీటితో మొదలుపెట్టి గాలి కరిగిస్తుందని రాస్తాడు. ఇద్దరూ చూసింది నిజమే. స్విచ్ ఆపి వదిలేస్తే రెండు పాత్రలూ నెమ్మదిగా హెన్రీ చెప్పిన చోటికే వెళతాయి.

ప్రయోగాల్లో ఇంకో మోసం జరిగే వీలుంది. అల్ట్రాసౌండ్‌లో చాలా భాగం చివరికి వేడిగా మారుతుంది. తొట్టెను అరగంట నడిపితే నీళ్లు గోరువెచ్చనవుతాయి. 20 నుంచి 30 డిగ్రీలకు వెళితేనే ఆక్సిజన్ ఆరో వంతు తగ్గాలి, దానికి ధ్వని అక్కర్లేదు. ఉష్ణోగ్రతను పట్టి ఉంచకుండా చేసిన ప్రయోగం చూపించే తగ్గుదలలో ఎంత ధ్వని పుణ్యమో, ఎంత వేడి పుణ్యమో తేల్చడం కష్టం. పత్రమైనా కరపత్రమైనా నేను మొదట చూసేది ఉష్ణోగ్రత రాశారా లేదా అనే.

మళ్లీ ల్యాబ్‌కు వద్దాం. హెచ్‌పీఎల్‌సీ పంపులో ఒక్కో ఊపుకు కదిలే ద్రావకం మైక్రోలీటర్లలో ఉంటుంది. చిన్న బుడగ వాల్వులో ఇరుక్కున్నా పంపు ద్రావకాన్ని నెట్టడానికి బదులు బుడగను నొక్కుతూ కూర్చుంటుంది. ప్రవాహం తడబడుతుంది, పీకు రావాల్సిన నిమిషానికి రాదు, డిటెక్టర్‌లో ముళ్లలా గీతలు లేస్తాయి. నీళ్లు, మెథనాల్ యంత్రంలోనే కలిసే పద్ధతిలో బెడద మరీ ఎక్కువ. విడివిడిగా ఆ రెండూ మోసుకొచ్చిన గాలిని కలిసిన మిశ్రమం పట్టుకోలేదు, మిగిలింది బుడగలై బయటపడుతుంది. కాబట్టి గాలి తీయాలన్న దాంట్లో వివాదం లేదు.

సోనికేటర్ ఒక్కటే అందుకు చాలా అన్నది వేరే ప్రశ్న. ఈ రంగంలో ఏళ్లుగా చెప్పుకునే ఉజ్జాయింపు లెక్క ప్రకారం, ద్రావకం గుండా హీలియం పంపితే కరిగిన గాలిలో 80 శాతం దాకా పోతుంది. వాక్యూమ్‌తో 60 శాతం పైన. ఒట్టి సోనికేషన్‌తో 30 శాతం దరిదాపుల్లో. పై పేరాల్లోని భౌతికశాస్త్రం చెప్పేదీ అదే. పాత్రపైన ఉన్న గాలి పీడనం తగ్గనంత కాలం ధ్వని ఒక మట్టం దాకే దించగలదు. హీలియం, వాక్యూమ్ ఆ పీడనాన్నే మారుస్తాయి. వాక్యూమ్‌లో పెట్టి సోనికేట్ చేస్తే రెండూ విడివిడిగా చేసిన దాని కన్నా మేలు. ఎక్కడిదాకా దిగాలో వాక్యూమ్ నిర్ణయిస్తుంది, అక్కడికి తొందరగా చేర్చే బుడగలను ధ్వని పుట్టిస్తుంది.

తొట్టె వైపు చెప్పాల్సినవీ ఉన్నాయి. అది చవక, హీలియం సిలిండర్ అక్కర్లేదు, బఫర్ ఉప్పును కరిగించే పనీ అందులోనే అయిపోతుంది. ద్రావకాన్ని అప్పటికే వాక్యూమ్‌తో ఫిల్టర్ చేసి ఉంటే సగం పని ముందే అయినట్టు, మిగిలిన దానికి తొట్టె సాయపడుతుంది. మరో పక్క, వెచ్చబడిన సీసాను బయట పెట్టి చల్లారనిస్తే పోయిన గాలి తిరిగి వస్తుంది. మూత వదులుగా ఉంటే తేలిగ్గా ఆవిరయ్యేవి కొంత పోయి మిశ్రమం పాళ్లు కదలొచ్చు. ఇప్పటి యంత్రాల్లో ఆన్‌లైన్ డీగ్యాసర్ ఉంటుంది. గాలిని పోనిచ్చి ద్రవాన్ని ఆపే సన్నని ఫ్లోరోపాలిమర్ గొట్టం గుండా ద్రావకం వెళుతుంటే చుట్టూ ఉన్న వాక్యూమ్ గాలిని లాగేస్తుంది. ఆ డీగ్యాసర్ సరిగ్గా పనిచేస్తున్న చోట పది నిమిషాల సోనికేషన్ చాలావరకు అలవాటే. అది చెడిపోయిన రోజున ఆ పది నిమిషాలు దాని లోటు పూర్తిగా తీర్చలేవు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు అడిగేది ఎస్‌ఓపీ ప్రకారం చేశారా లేదా అనే, చేసిన పని ఫలించిందా అని కాదు. ఆ తంతు అన్ని ల్యాబుల్లో చెక్కు చెదరకుండా ఉండటానికి సైన్సు కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

అసలు తగాదాయే లేని చోటు ఒకటుంది. గిన్నెస్ బీరులో కార్బన్ డయాక్సైడ్‌తో పాటు నైట్రోజన్‌నూ కరిగిస్తారు. నీటిలో నైట్రోజన్ ద్రావణీయత కార్బన్ డయాక్సైడ్‌లో యాభయ్యో వంతు. అందుకే పీడనంతో ఎక్కించిన నైట్రోజన్ డబ్బా తెరవగానే మిగులు అయిపోతుంది, బయటపడటానికి సాకు కోసం చూస్తుంది. 2006లో బ్రిటన్ మార్కెట్‌లోకి వచ్చిన సర్జర్ అనే పళ్లెం ఆ సాకు ఇచ్చింది. గ్లాసును పళ్లెం మీద పెట్టి బటన్ నొక్కితే అల్ట్రాసౌండ్ తగిలి సన్నని బుడగలు జలజలా దిగి పైన మీగడలాంటి నురగ కడుతుంది. ఇక్కడ ద్రవం ఎటు వెళ్లాలనుకుంటోందో ధ్వని కూడా అటే తోస్తోంది. కొద్ది సెకన్లు, కొద్ది శక్తి, పని పూర్తి. కూల్‌డ్రింక్ సీసాలకు మూత బిగించే ముందు నురగను అణచడానికి అల్ట్రాసౌండ్ వాడేదీ ఈ లెక్కతోనే.

వాయువును లోపలికి పంపే వైపు చూస్తే వ్యవహారం మారుతుంది. వాయువు ద్రవంలోకి వెళ్లే వేగాన్ని మూడు విషయాలు తేలుస్తాయి: రెండూ తగిలే ఉపరితలం ఎంత, దాని పక్కనున్న నిశ్చలమైన పొర ఎంత పలచన, నిండటానికి ఇంకా ఎంత ఖాళీ ఉంది. 1924లో లూయిస్, విట్‌మన్ ప్రతిపాదించిన రెండు పొరల సిద్ధాంతం నుంచి ఇంజనీర్లు వాడుతున్న లెక్క ఇదే. అల్ట్రాసౌండ్ మొదటి రెంటినీ మార్చగలదు. పెద్ద బుడగలను చితకగొడుతుంది, పొరను కలచివేస్తుంది. మూడోదాన్ని, అంటే హెన్రీ మట్టాన్ని, ముట్టుకోలేదు. మామూలుగా పది నిమిషాల్లో నిండేదాన్ని రెండు నిమిషాల్లో నింపవచ్చు కానీ పది గ్రాములు పట్టే చోట పన్నెండు పట్టించలేదు. అమ్మేవాళ్ల మాటల్లో ఈ తేడా తరచూ కరిగిపోతుంటుంది.

వేగం ఒక్కటే కావాల్సిన చోట్లూ ఉన్నాయి. మలేషియాలో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే ద్రావణాలపై 1.7 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్‌తో ప్రయోగాలు చేశారు. ఇంట్లో తేమ పెంచే హ్యుమిడిఫయర్లలో పొగమంచు పుట్టించేదీ ఆ పౌనఃపున్యమే. ద్రవం ఫౌంటెన్‌లా లేచి మంచులా చెదిరి వాయువుకు తగిలే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది. సముద్రం మధ్యలోని గ్యాస్ ప్లాట్‌ఫారం మీద ఎత్తైన టవర్లకు చోటు ఉండదు. అక్కడ చిన్న పరికరం, తిరిగే భాగాలు లేని పరికరం అంటే విలువే. నేల మీద, చోటుకు కొదవ లేని ఫ్యాక్టరీలో దానికి పోటీ వచ్చేది మామూలు స్టిర్రర్. కరెంటు ముందు ధ్వని కావాలి, ధ్వని ద్రవంలోకి దిగాలి, దిగిన దాంట్లో కొంతే పనికొస్తుంది, మిగిలింది వేడి. మోటారుతో తిరిగే రెక్కకు ఇన్ని మెట్లు లేవు. ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో అనిరుద్ధ పండిత్, పరాగ్ గొగటే వంటివారు అల్ట్రాసౌండ్‌తో పాటు హైడ్రోడైనమిక్ కేవిటేషన్ మీద కూడా అంత శ్రద్ధ పెట్టడం ఊరికే కాదు. ఇరుకైన రంధ్రం గుండా ద్రవాన్ని పంపుతో తోసి బుడగలు పుట్టించే ఆ పద్ధతి పెద్ద పరిమాణాలకు తేలిగ్గా పెరుగుతుంది.

పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి వదిలించడంలోనూ అల్ట్రాసౌండ్ పేరు వినిపిస్తుంది. దాన్ని పీల్చుకున్న అమీన్ ద్రావణాన్ని దాదాపు 120 డిగ్రీలకు మరిగించే బదులు తక్కువ వేడి దగ్గర ధ్వనితో బుడగలు లేపవచ్చని ఆశ. బుడగ లేపడం వరకు నిజమే. కానీ మోనోఇథనాలమీన్‌తో కార్బన్ డయాక్సైడ్ వేసుకున్న బంధాన్ని విప్పడానికే టన్నుకు సుమారు 1.9 గిగాజౌళ్లు కావాలి. ఆ బాకీ వేడితో తీర్చినా ధ్వనితో తీర్చినా తీర్చక తప్పదు, కరెంటుతో పుట్టిన ధ్వనితో తీర్చడం ఆవిరితో తీర్చడం కన్నా ఖరీదు.

భీమవరం వైపు రొయ్యల చెరువుకు ఈ లెక్క పట్టుకెళితే ఏమవుతుందో చూడొచ్చు. తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్యలు పైకి తేలితే ఆ రాత్రికి పంట మీద ఆశ సన్నగిల్లినట్టే, కాబట్టి ఆక్సిజన్ పెంచుతానని ఏ పెట్టె వచ్చినా రైతు ఆగి చూస్తాడు. హెక్టారు చెరువు, ఒకటిన్నర మీటరు లోతు అనుకుంటే కోటీ యాభై లక్షల లీటర్లు. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే 15 కిలోల ఆక్సిజన్ కరగాలి. మంచి ప్యాడిల్ వీల్ ఏరేటర్ పరీక్ష తొట్టెలో యూనిట్ కరెంటుకు రెండు కిలోల దాకా కరిగిస్తుంది. చెరువులో అందులో సగమే అనుకున్నా 15 యూనిట్ల పని. అల్ట్రాసౌండ్‌తో నీరంతా కలచివేయాలంటే లీటరుకు ఒక వాట్ అని అతి తక్కువ వేసుకున్నా, ల్యాబుల్లో దీనికి ఎన్నో రెట్లు వాడతారు, 15 మెగావాట్లు కావాలి. ఒక చెరువుకు అది ఊరి సబ్‌స్టేషన్ భరించే మాట కాదు. నీటిని కొద్దికొద్దిగా ఒక గది గుండా పంపితే లెక్క కొంత తగ్గుతుంది, కానీ అప్పుడు పంపు ఖర్చు వచ్చి చేరుతుంది. చెరువుల్లో నాచు మీద వాడటానికి అమ్మే అల్ట్రాసౌండ్ పరికరాలు వేరే తరగతివి, వాటి శక్తి చాలా తక్కువ. ఆక్సిజన్ పేరుతో వాటిని కొంటే డబ్బు దండగ.

నానోబుడగల ప్రచారం గురించి ఒక్క మాట. 100 నానోమీటర్ల వ్యాసార్ధం ఉన్న బుడగను తలతన్యత సుమారు 14 వాతావరణాల అదనపు పీడనంతో నొక్కుతుంది. 1950లో ఎప్‌స్టీన్, ప్లెసెట్ వేసిన లెక్క ప్రకారం అలాంటిది కళ్లు మూసి తెరిచేలోపు కరిగిపోవాలి. వారాల తరబడి నిలిచి ఉంటాయని చెప్పేవాళ్లు ఎందుకు నిలుస్తాయో కూడా చెప్పాలి, దాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఒప్పందం లేదు.

రెండు వైపులకూ వర్తించే చెడుగు ఒకటుంది. బుడగ ముడుచుకుని కూలినప్పుడు లోపల క్షణకాలం వేల డిగ్రీల వేడి పుడుతుంది. నీటి అణువు చీలి హైడ్రాక్సిల్ రాడికళ్లు, వాటి నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తాయి. గాలిలోని నైట్రోజన్ ఉంటే నైట్రైట్, నైట్రేట్ కొద్దిగా చేరతాయి. ఎక్కువసేపు సోనికేట్ చేసిన పాలకు కాలిన రబ్బరు వాసన తగులుతుంది. ధ్వనిని నేరుగా ద్రవంలోకి దించే ప్రోబ్ వాడితే దాని మొన అరిగి టైటానియం రేణువులు ద్రవంలో పడతాయి. మురుగునీటిలోని మలినాలను విరగ్గొట్టాలనుకునేవాడికి ఆ రాడికళ్లే వరం. మందు నమూనాను చెక్కు చెదరకుండా కొలవాలనుకునేవాడికి అవే తలనొప్పి.

అల్యూమినియం పోతపోసే ఫౌండ్రీలో మాత్రం నా తూకం అంత తేలిగ్గా ఒక వైపు వాలదు. కరిగిన అల్యూమినియంలో చెప్పుకోదగ్గంతగా కరిగే వాయువు హైడ్రోజన్ ఒక్కటే. గాలిలోని తేమను లోహం చీల్చి ఆక్సిజన్‌తో ఆక్సైడ్ కట్టుకుంటుంది, హైడ్రోజన్‌ను మింగేస్తుంది. 660 డిగ్రీల దగ్గర ద్రవ అల్యూమినియం 100 గ్రాములకు సుమారు 0.7 ఘనసెంటీమీటర్ల హైడ్రోజన్‌ను పట్టుకోగలదు. గడ్డకట్టగానే అది దాదాపు 20 రెట్లు తగ్గుతుంది. మిగిలింది ఎటూ పోలేక సన్నని రంధ్రాలుగా మిగిలిపోతుంది. రిమ్ములోనో పిస్టన్‌లోనో ఆ రంధ్రాలే తర్వాత పగుళ్లకు మొదలు. వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్లలో ఈ బెడద పెరుగుతుందని పోతపని చేసేవాళ్లకు తెలుసు.

ఇక్కడ పనిచేసేది హెన్రీ సూత్రం కాదు, సీవర్ట్స్ సూత్రం. హైడ్రోజన్ లోహంలో అణువుగా కాక విడి పరమాణువులుగా కరుగుతుంది కాబట్టి ద్రావణీయత పీడనం వర్గమూలాన్ని అనుసరిస్తుంది. తిరగేసి చూస్తే, లోహంలో హైడ్రోజన్ సగానికి తగ్గితే అది బయటికి తోసే పీడనం నాలుగో వంతుకు పడిపోతుంది. మామూలు కొలిమిలో 100 గ్రాములకు 0.2 ఘనసెంటీమీటర్ల పరిసరాల్లో ఉండే హైడ్రోజన్‌కు ఉన్న పీడనం వాతావరణ పీడనంలో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ. దానంతట అది బుడగ కట్టలేదు. బయటి నుంచి ఎవరైనా బుడగను ఇవ్వాలి. గిర్రున తిరిగే గ్రాఫైట్ రోటర్ ద్వారా ఆర్గాన్ లేదా నైట్రోజన్ పంపే పద్ధతి చేసేది అదే: హైడ్రోజన్ అసలే లేని బుడగ కాబట్టి హైడ్రోజన్ అందులోకి దూకుతుంది. అల్ట్రాసౌండ్ చేసేదీ అదే, లాగే దశలో ద్రవలోహాన్ని చీల్చి ఖాళీ పుట్టిస్తుంది.

నీటికీ లోహానికీ మధ్య అల్ట్రాసౌండ్‌కు కలిసొచ్చే తేడా ఒకటుంది. ద్రవ అల్యూమినియంలో హైడ్రోజన్ వ్యాపించే వేగం నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగానికి వంద రెట్లకు పైన. బుడగ దాకా చేరడానికి వాయువు పెద్దగా ఎదురుచూడదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు కొద్ది వందల గ్రాముల ఏ356 మిశ్రమలోహంలో ఒకటి రెండు నిమిషాల్లోనే హైడ్రోజన్‌ను గట్టిగా తగ్గించగలిగారు. అంతకు చాలా ముందు నుంచే మాస్కోలో జార్జి ఎస్కిన్ ఇదే పని మీద దశాబ్దాలు గడిపారు. ఆయన వాదనలో ఇంకో ముక్క ఉంది: ధ్వని లోహంలోని ఆక్సైడ్ రేణువుల మీది వాయువును ఊడబెరికి వాటిని తడుపుతుంది, గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలు సన్నగా రావడానికీ సాయపడుతుంది. రోటర్ ఇవ్వలేని లాభం అది. రోటర్ లోహం పైభాగాన సుడి లేపి చెత్తను పెంచుతుంది కూడా. చిన్న ఫౌండ్రీల్లో ఇప్పటికీ వాడే డీగ్యాసింగ్ టాబ్లెట్ల సంగతి మరీ ఘోరం. హెక్సాక్లోరోఇథేన్ టాబ్లెట్‌ను గంట ఆకారపు పనిముట్టుతో లోహంలో ముంచగానే లేచే క్లోరిన్ పొగ ముందు పోయేది దాన్ని ముంచినవాడి ఊపిరితిత్తుల్లోకే.

అయితే వందల గ్రాముల మాట వేరు, టన్నుల మాట వేరు. మొన దగ్గర పుట్టిన బుడగల మబ్బే ధ్వనిని అడ్డుకుంటుంది, కాస్త దూరం వెళ్లేసరికి కేవిటేషన్ చచ్చిపోతుంది. పెద్ద కొలిమిలో ఒక్క మొన పెట్టి లాభం లేదు. 700 డిగ్రీల అల్యూమినియం స్టీలును తినేస్తుంది, టైటానియంనూ త్వరగానే అరగదీస్తుంది. నియోబియం, సియలాన్ సిరామిక్ మన్నుతాయి కానీ ఖరీదు. ఇవన్నీ దాటినా, ధ్వని ఆగిన మరుక్షణం నుంచి తేమగాలిలోని హైడ్రోజన్ మళ్లీ లోహంలోకి రావడం మొదలుపెడుతుంది. కొలిమిలో శుభ్రం చేసి గంటసేపు నిలవ ఉంచితే చేసిన పని నీరుగారుతుంది. అందుకే తెలివిగా ఆలోచించినవాళ్లు మూడు దారులు పట్టారు. పోతకు వెళ్లే కాలువలో, లోహం ప్రవహిస్తుండగానే ధ్వని తగిలించడం ఒకటి. అమెరికాలో సౌత్‌వైర్ అనే కేబుల్ కంపెనీ చేసినట్టు ఆర్గాన్ బుడగనూ ధ్వనినీ జోడించడం రెండోది. బుడగను ఆర్గాన్ ఇస్తుంది, దాన్ని చితకగొట్టి పంచే పని ధ్వనిది. చిన్న మూసలో, పోయడానికి నిమిషం ముందు వాడటం మూడోది.

దీనికి తోడు, రంధ్రాలకు హైడ్రోజన్ ఒక్కటే దోషి కాదన్న లోహశాస్త్రవేత్త జాన్ క్యాంప్‌బెల్ వాదన ఉంది. లోహం పోస్తున్నప్పుడు పైపొర మడతపడి లోపలికి పోయిన ఆక్సైడ్ పొరల మధ్యే రంధ్రం మొదట తెరుచుకుంటుందని ఆయన అంటారు. అదే నిజమైతే హైడ్రోజన్ అంకె ఎంత దిగిందో చూపి యంత్రం గొప్ప అనడం సగం మాటే.

నా మొగ్గు ఇది: టన్నుల లెక్కన నడిచే రోటర్‌ను తీసేసి అల్ట్రాసౌండ్ పెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోను. పది ఇరవై కిలోల మూసలతో, టాబ్లెట్ పొగలో పనిచేసే చిన్న ఫౌండ్రీకి మాత్రం ధ్వని పనిముట్టు పరీక్షించదగ్గదే, దాని మొన ఎన్ని పోతల దాకా మన్నుతుందో అమ్మేవాడు రాసిస్తే. పరీక్ష కూడా కష్టమైనదేం కాదు. ధ్వని తగిలించక ముందు ఒక చిన్న కప్పు లోహం, తగిలించాక ఒక కప్పు, పావుగంట నిలవ ఉంచాక ఇంకో కప్పు. మూడింటినీ తక్కువ పీడనంలో గడ్డకట్టనిచ్చి, సాంద్రత తూచి, రంపంతో కోసి పక్కపక్కన పెట్టి చూడాలి. తక్కువ పీడనం హైడ్రోజన్ రంధ్రాన్నీ, మడతపడ్డ ఆక్సైడ్‌నూ రెండింటినీ ఉబ్బించి చూపిస్తుంది. మూడో కప్పు మొదటి కప్పులాగే ఉంటే కొనాల్సింది ధ్వని యంత్రం కాదు, పోత వేళలు మార్చుకోవాలి.